మూరెడు దూరం

పెరట్లో ఒక చీమ పొద్దుటి నుంచీ తిండి కోసం తిరుగుతోంది. అరటి పాదు చుట్టింది, కట్టెల మోపు ఎక్కి దిగింది, చివరికి రోలు పక్కన బెల్లం ముక్క పట్టింది. ఇంతలో మబ్బు కమ్మింది. వాన పడితే బెల్లం కరిగిపోతుంది, పుట్టలో పిల్లలు పస్తుంటాయి.

తమ వాసన పట్టుకుని వచ్చిన దారినే తిరిగి వెళ్ళడం చీమల అలవాటు. అందుకే చీమ ముక్క నెత్తికెత్తుకుని మళ్ళీ కట్టెల మోపు వైపు కదిలింది.

గోడ మీది ఉడుత కిసుక్కున నవ్వింది. "ఏం చీమక్కా, బెల్లాన్ని ఊరేగిస్తున్నావా?"

"ఆటలాడకు. ఇల్లు చాలా దూరం."

"దూరం నీ నడకది, ఇంటిది కాదు. పైనుంచి చూస్తే నీ పుట్ట రోలుకి మూరెడే. జామ చెట్టు మొదలుకేసి తిన్నగా పో."

"నా వాసన లేని దారిలోనా? తప్పిపోతే?"

"నేనిక్కడే ఉన్నాగా, ముందు నవ్వుతాను, తర్వాత దారి చెబుతాను."

చీమకి ఒళ్ళు మండింది. అయినా తిన్నగా నడిచింది. తొలి చినుకు పడేసరికి బెల్లం పుట్టలో ఉంది.

"ఎంత దూరం పోయొచ్చావే?" అంది ముసలి చీమ.

"నడిచింది పెరడంతా, నాయనమ్మా. పోయింది మాత్రం మూరెడే. రేపు నువ్వూ రావచ్చు."