హాయిగా జీవించారు

“ఇది రాసిన చెయ్యి విరగ్గొట్టాలి!”

ఒడీలియా అరిచిన అరుపుకి బల్ల మీది కాఫీ కప్పులు కూడా కంగారుపడ్డాయి. డెబ్బై ఏళ్ల మనిషి, ఐదడుగులైనా లేదు. గొంతు మాత్రం శాన్ విదాల్ మిషన్ గంటకి పెద్దక్క. బల్ల మధ్యలో మెరుగుపెట్టిన కంచు ఫలకం వెల్లకిలా పడుకుని ఉంది. స్పెయిన్ పాద్రీలు కట్టిన ఆ మిషన్ చర్చి వాకిట్లో అరవై ఏళ్లు నిలబడి నిలబడి, కొత్త రాతి దిమ్మె ఎక్కేముందు నడుం వాల్చింది. ఆదివారం పండగలో మళ్లీ ఎక్కిస్తారు. ఎక్కిందంటే ఇంకో అరవై ఏళ్లు దిగదు.

“విరగ్గొట్టడం తర్వాత. ముందు కూర్చోండి మేడమ్,” అన్నాడు డాక్టర్ హ్యాకెట్. ఊరి చారిత్రక చిహ్నాల సంఘానికి ఆయన అధ్యక్షుడు. నలభై ఏళ్లు ఊరందరి పళ్లూ పీకి రిటైరై, ఇప్పుడు ఒక్క అక్షరం కూడా పీకనివ్వనని కాపలా కాస్తున్నాడు.

“కూర్చోను. చదివించండి దాన్ని, పైకి!”

సంఘం కార్యదర్శి యెసేనియా గొంతు సవరించుకుని చదివింది. “‘దయగల పాద్రీలు ఇక్కడ గుడి కట్టారు. ఆదివాసులు సంతోషంగా వచ్చి చేరారు. ఎన్నో పనులు నేర్చుకున్నారు. హాయిగా జీవించారు.’”

“వచ్చి చేరారట! వచ్చారు కాదు, తెచ్చారు. చేరారు కాదు, చెరపట్టారు. పారిపోతే గుర్రాల మీద తరిమి పట్టుకొచ్చి కొరడాతో కొట్టారు. మా వాళ్లు పదకొండు వందల మంది ఇప్పుడెక్కడున్నారో తెలుసా? మీ టూరిస్టు బస్సులు ఆగే చోట, తారు కింద! చర్చి మరణాల పుస్తకంలో పేర్లున్నాయి, పాద్రీలే రాసిపెట్టారు. అంత హాయి తట్టుకోలేక చచ్చిపోయారా డాక్టర్?”

“ఆవేశం వద్దండీ. ఆ మాటల్లో ఎంత స్వచ్ఛత ఉందో చూడండి. పసిపిల్లలకి కూడా ఇట్టే అర్థమవుతాయి.”

“నా ఏడుపంతా అదే కదయ్యా! ఏటా నాలుగో తరగతి పిల్లలు మిషన్ ప్రాజెక్టని వస్తారు. చక్కెర బిళ్లలతో చర్చి బొమ్మ కడతారు, ఈ మాటలు నోటుబుక్కులోకి ఎక్కించుకుంటారు. మొన్న మా మనవరాలు ఎక్కించుకొచ్చింది. ‘మనవాళ్లు హాయిగా ఉన్నారటగా, మరి నీకెందుకు నానమ్మా అంత కోపం?’ అని అడిగింది. ఏం చెప్పమంటారు దానికి? కంచు కాదిది, వంచన!”

“అయితే మీరు ఏం రాయమంటారు?” నెమ్మదిగా అడిగింది యెసేనియా.

“తెచ్చారు. కొట్టారు. ఇక్కడే పాతిపెట్టారు. అంతే.”

హ్యాకెట్ కుర్చీలో వెనక్కి వాలాడు. “నేనేం చెయ్యను చెప్పండి? ఫలకం పెట్టిన ఏడాదే పెట్టిన నిబంధన ఉంది. రాసినవాళ్ల సంతకం లేకుండా అక్షరం కదపకూడదు. ఎవరో పెద్దమనిషి, ఏ ప్రొఫెసరో అయ్యుంటాడు. పేరు కూడా వేయించుకోలేదు, ఎంత వినయం! పాపం ఈపాటికి పోయుంటాడు. సమాధిలోంచి లేచొచ్చి సంతకం పెడతాడా?”

“పోయుంటే బాగుండేది.”

“అదేం మాటండీ! ఎవరు రాసినా ప్రేమతో రాశారు. ఎవర్నీ ఏడిపించాలని కాదు.”

“ఏడిపించిందయ్యా! దీనికి తెర తీసిన రోజు మా అమ్మమ్మ ముందు వరసలో నిలబడింది. ఉన్నవాటిలో మంచి గౌను వేసుకుని మరీ వచ్చింది. ఆవిడకి చదువు రాదు, మైకులో చదివి వినిపించారు. ఊరంతా చప్పట్లు. అమ్మమ్మ చేతులు లేవలేదు. వాళ్ల అమ్మమ్మ వీపు మీద కొరడా వాతలు చూస్తూ పెరిగిన మనిషి ఆవిడ. ఇంటికొచ్చి తలుపేసుకుంది. పోయేదాకా ఆ వీధి తొక్కలేదు. మాలో ఎవర్నీ పల్లెత్తు మాట అనలేదు. తిట్టినా బాగుండేది!”

హ్యాకెట్ కాఫీ కప్పు అందుకుని, తాగకుండానే కింద పెట్టాడు.

“సంతకం లేకపోతే కుదరదా?” అంది ఒడీలియా. మొదటిసారి గొంతు తగ్గింది.

“కుదరదు.”

“మీ సంఘమంతా ఓటేసినా?”

“ఆకాశంలోంచి దేవుడు దిగొచ్చి ఓటేసినా.”

ఒడీలియా కిటికీ వైపు తిరిగింది. బయట ఒక బస్సు వచ్చి ఆగింది. తలుపు తెరుచుకోవడం, జనం దిగడం, ఎవరో నవ్వడం వినిపించింది.

“అయితే ఫైలు తియ్యండి,” అంది అటే చూస్తూ.

“ఎందుకండీ ఇప్పుడు? అరవై ఏళ్ల దుమ్ము.”

“దులపడానికే వచ్చాను.”

యెసేనియా ఇనపబీరువా వెతికి పాత ఫైలు తెచ్చింది. అందులో పసుపెక్కిన గీతల కాగితం ఒకటి. పెన్సిలుతో గుండ్రటి పెద్ద పెద్ద అక్షరాలు. పైన అంటించిన బంగారు కాగితం నక్షత్రం.

హ్యాకెట్ కళ్లజోడు సవరించుకున్నాడు. “ఇదేంటి, వ్యాసాల పోటీయా? నాలుగో తరగతి, మొదటి బహుమతా? మన ఫలకం రాసింది చిన్నపిల్లా! పేరేంటమ్మాయ్?”

యెసేనియా కాగితం అడుగున చూసింది. కళ్లకి దగ్గరగా పెట్టుకుని మళ్లీ చూసింది.

“పేరు చదవవేం?”

“సంతకం ఎక్కడ పెట్టాలో చూపించమ్మా,” అంది ఒడీలియా, “అది రాసింది నేనే.”