రేకు మందం

“ఈ కార్డులు మీరే మార్చారా?” అని అడిగాడు శ్రీరామ్మూర్తి.

నాగమణి కంప్యూటరు కార్డులకి చిల్లులు కొట్టే పంచింగు మిషను మీంచి చేతులు తీసింది కానీ తల ఎత్తలేదు.

“మార్చాను సార్.”

“ఒకటా రెండా? నలభై ఎనిమిది. నేను మందం పన్నెండని రాసిస్తే అన్నిట్లోనూ ఎనిమిదని కొట్టారు. పొరపాటని సరిపెట్టుకుందామన్నా వీల్లేదు.”

“పొరపాటు కాదండి.”

ఎనభై మూడో సంవత్సరం అది. కాకినాడ నుంచి వచ్చి విశాఖపట్నంలో ఈ డిజైను ఆఫీసులో చేరి శ్రీరామ్మూర్తికి తొమ్మిదో రోజు. చేరిన మర్నాడే పెద్ద ఇంజనీరు భీమశంకరరావు ఒక డ్రాయింగు బల్ల మీద పడేసి, “మల్కాపురంలో ఇనప నీళ్ళ ట్యాంకు. నిండుగా నీళ్ళు పోస్తే ఆగే రకమో కాదో కంప్యూటరు చేత చెప్పించాలి. శుక్రవారానికి కావాలి” అన్నాడు. అంతకన్నా ఎక్కువ ఈ పనిలో ఎవరూ చెప్పరు, ఎవరూ అడగరు. డ్రాయింగు వస్తుంది, అంకెలు వెళతాయి.

ట్యాంకుని ఉన్నదున్నట్టు మింగడం కంప్యూటరు వల్ల కాదు. అందుకని, ఆకూ ఆకూ కలిపి కుట్టిన విస్తరిలా, గోడనంతా నాలుగు మూలల ముక్కలుగా విడగొట్టి, మూలమూలకీ నెంబరు వేసి, ముక్కకో కార్డు చొప్పున రాసిచ్చాడు. వాటిని షెల్ ఎలిమెంట్లంటారు. మూలల నెంబర్లు అన్ని ముక్కలకీ ఒకే వైపు తిరుగుతూ రావాలి, లేకపోతే లోపలిది బయటిదైపోతుంది. ఇక మందం సంగతి. గీసిన ముక్కకి మందం ఉండదు, ఉల్లిపొరైనా ఉక్కు రేకైనా కాగితం మీద ఒక్కలాగే ఉంటుంది. కార్డు మీద ఏ అంకె కొడితే అదే మందమని నమ్మేస్తుంది కంప్యూటరు మిషను.

“డ్రాయింగులో పన్నెండు మిల్లీమీటర్లని ఉంది కదండీ” అన్నాడు శ్రీరామ్మూర్తి గొంతు తగ్గించి.

“డ్రాయింగులో ఉంటాది సార్. దిగిన రేకు ఎనిమిదే.”

“మీకెలా తెలుసు?”

“మాయన్న కన్నబాబు వెల్డరండి. ఆ రేకులు అతికింది మాయన్నే. కొలిసి సూసుకుని, డూటీ దిగి తిన్నగా మా ఇంటికొచ్చాడు. ‘పన్నెండని సెప్పి ఎనిమిది దించారు, ఏటి సేత్తాం బావా’ అని మా ఆయనతో అన్నాడు. నాను అన్నం వడ్డిత్తన్నాను, ఇన్నాను.”

“కంట్రాక్టరుకి చెప్పలేదా?”

“సెప్పాడండి. నీ పని అతకడమా కొలవడమా అన్నాడంట.”

పదో తరగతి పరీక్షలకి ముందే పెళ్ళయి చదువాగిపోయిన పిల్ల నాగమణి. టైపు నేర్పించిందీ, ఈ ఆఫీసు మెట్లెక్కించిందీ ఆ అన్నే. పాలు తాగే బిడ్డని అత్త చేతిలో పెట్టి వస్తుంది. ఉద్యోగం పోతుందని తెలిసీ నలభై ఎనిమిది కార్డులు మార్చింది.

“మీ అన్నయ్యని ఒకసారి రమ్మనండి. నా ఎదురుగా చెప్తే నాకూ ధైర్యంగా ఉంటుంది.”

“రాలేడండి.”

కంట్రాక్టరంటే భయం కాబోలనుకున్నాడు.

చివరికి పన్నెండుతో ఇంకో కట్ట కొట్టించి, రెండు కట్టలూ కంప్యూటరు సెంటరుకి పంపాడు. మర్నాడు మధ్యాహ్నం కాగితాలు వచ్చాయి. పన్నెండుకి ట్యాంకు గుండ్రాయిలా నిలబడింది. ఎనిమిదితో వచ్చిన కాగితాలు శ్రీరామ్మూర్తి మళ్ళీ మొదటి నుంచి చదివాడు. ఇరవై నాలుగడుగుల ట్యాంకు, పద్దెనిమిది అడుగుల నీటికే అట్టడుగు వరస రేకులు లొంగిపోతున్నాయి. నీళ్ళు నింపేటప్పుడు వెల్డర్లని ట్యాంకు కిందే నిలబెడతారు, చెమ్మ కనపడ్డ చోటల్లా సుద్దముక్కతో గీత పెట్టడానికి.

కాగితాలు పట్టుకుని భీమశంకరరావు గదిలోకి వెళ్ళాడు.

“పద్దెనిమిది అడుగులకే పోతుంది సార్.”

భీమశంకరరావు నోటి దాకా వచ్చిన సిగరెట్టు అక్కడే ఆగింది.

“పద్దెనిమిదని నీకెవరు చెప్పారు?”

“మిషను చెప్పింది. రేకు ఎనిమిదని వేస్తే.”

ఆయన లేచి తలుపు మూసి వచ్చాడు.

“ఎనిమిదెక్కణ్ణించి వచ్చిందయ్యా? డ్రాయింగు పన్నెండు, మనల్ని అడిగింది పన్నెండు. పన్నెండుకి ఆగుతుందని రాసి పారెయ్. రేకు మంచిదైతే తప్పు అతుకుది. అతుకుదైతే వెల్డరుది. మన దాకా రాదు.”

“మనుషుల ప్రాణాలు సార్.”

“వాటి సంగతి దేవుడు చూసుకుంటాడు. పెళ్ళి కావలసినవాడివి, నువ్వు ఉద్యోగం సంగతి చూసుకో.”

శ్రీరామ్మూర్తి తన బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. కాకినాడలో తల్లి గుర్తొచ్చింది, మొదటి జీతం ఇంకా అందలేదన్న సంగతీ గుర్తొచ్చింది. తర్వాత కార్బను పెట్టి తన చేత్తోనే రాశాడు. రేకు మందం ఎనిమిదైతే ఈ ట్యాంకు పద్దెనిమిది అడుగుల నీటికి నిలవదని. కింద సంతకం, తేదీ. ఒక ప్రతి నాగమణి చేతికిచ్చాడు.

ఆమె కూడబలుక్కుంటూ చదివింది. పద్దెనిమిది దగ్గర వేలు ఆగిపోయింది.

“సూడకుండానే ఎలా సెప్పింది సార్, మిషను?”

“అంకెలు సరిగ్గా ఇస్తే చెప్తుంది. మీరే కదా ఇచ్చారు.”

“ఇది సూపిత్తే అతుకు మంచిదేనని ఒప్పుకుంటారా?”

“ఒప్పుకోక చస్తారా. అది తర్వాత సంగతి. ముందు మీరు ఇంటికెళ్ళి, నీళ్ళు నింపే రోజు ఆ ట్యాంకు కింద నిలబడొద్దని మీ అన్నయ్యకి చెప్పండి.”

నాగమణి కాగితం మడత పెట్టబోయి ఆగింది. అతని మొహంలోకి మొదటిసారి తిన్నగా చూసింది.

“మీకెవరూ సెప్పనేదా సార్?”

“ఏమిటి?”

“ఆ ట్యాంకు పద్దెనిమిదడుగుల కాడ కూలే కదండీ మాయన్న పోయాడు.”