తొమ్మిదో మంచం

"సిగ్గులేదూ? రోగి నోటి దగ్గర కూడు లాక్కుని తింటావా?"

లేతు మేస్త్రీ అరుపుకు ఆడవాళ్ళ వార్డంతా తల తిప్పింది. తొమ్మిదో మంచం పక్కన స్టూలు మీద కూర్చున్న మనిషి, నోటి దాకా వచ్చిన చెంచాను అలాగే పట్టుకుని బిగుసుకుపోయింది. ఒంటిమీద నీలం ఏప్రను, దానిమీద పేరు రాసిన చర్చి సేవాసంఘం బిళ్ళ. ఒళ్ళో అతను పొద్దున ఇచ్చి వెళ్ళిన కారియరు గిన్నె.

కార్ఖానాలో కరెంటు పోయి లేతు మిషను ఆగిపోతే, ఒకసారి భార్యను చూసిపోదామని వచ్చాడతను. పొద్దున కారియరు ఇవ్వడం, సాయంత్రం ఖాళీ గిన్నెలు తీసుకుపోవడం తప్ప, మధ్యాహ్నం పూట ఎన్నడూ వచ్చింది లేదు.

"చెంచా కూడా ఇంటినుంచి తెచ్చుకున్నావే! ఏర్పాటుగానే వచ్చావన్నమాట. ముందు ప్రార్థన, తర్వాత భోజనం. ఆమెన్ అన్నాక తెరుస్తున్నది ఎవరి నోరమ్మా, నీదా, నా భార్యదా?"

ఆమె చెంచాను గిన్నెలో పెట్టేసింది.

"ఏమండీ, నెమ్మది," అంది మంచం మీదనుంచి భార్య. పక్షవాతం ఆమె కుడిచేతినీ కుడికాలినీ పట్టుకుపోయింది గానీ, మాట జోలికి పోలేదు. "ఆవిణ్ణి తిననివ్వండి."

"తిననివ్వాలా? గిన్నెలు ఖాళీగా వస్తుంటే నీకు మళ్ళీ ఆకలి పుట్టిందని ఎంత మురిసిపోయానో తెలుసా? పక్కింటి వాళ్ళకు కూడా చెప్పుకున్నాను. మూడు వారాలుగా తెల్లారకముందే లేచి చెయ్యి కాల్చుకుంటున్నది ఈవిణ్ణి మేపడానికా?"

"నేనూ తింటున్నాను."

"ఎంత? ఈవిడ తినగా మిగిలిందా?"

"ఆవిడ తిన్నంత."

"ఓహో, సగం సగమా! పంపకాలు కూడా అయిపోయాయి!"

పక్క మంచం ముసలమ్మ మొహం మీది దుప్పటి కిందకి లాగింది. "బాబూ, కాస్త మెల్లగా తిట్టు. నీ గొంతుకు నా సెలైను కూడా బెదిరి ఆగిపోయింది."

మేస్త్రీ గిన్నె లాక్కున్నాడు. గ్రీజు మరకల వేళ్ళు అంచుకు అంటుకున్నాయి.

"లే. ఇంక నడు. రేపట్నుంచి ఈ మంచం చుట్టుపక్కల కనపడ్డావంటే మర్యాద దక్కదు."

ఆమె లేచింది. రెండడుగులు వేసి, రోగి తలకింద దిండు జారిపోవడం చూసి ఆగింది. వెనక్కి వచ్చి, దాన్ని మెడకిందికి సర్ది, అప్పుడు వెళ్ళిపోయింది.

భార్య కళ్ళెర్రజేసింది. పెళ్ళయి ఇన్నేళ్ళలో ఆమె అలా చూడడం అతనికి తెలియదు.

"ఆవిడ రాకపోతే నేనూ ముద్ద ముట్టను."

"బెదిరిస్తున్నావా?"

"చెబుతున్నాను."

"దారినపోయే మనిషి మీద నీకెందుకంత ఇది? ఏం మందు పెట్టింది?"

"అది ఆవిడ సంగతి. నా నోటితో చెప్పనని మాటిచ్చాను."

"మొగుడికి కూడా చెప్పని మాటలా! సరే, చెప్పాల్సినవాళ్ళతోనే తేల్చుకుంటాను."

గిన్నెతో సహా ధడధడా మెట్లు దిగాడు. మెట్ల కింది గదిలో సిస్టరమ్మ ఉతికిన ఏప్రన్లు మడతపెడుతోంది. ఆ ఆసుపత్రిలోనే ముప్పై ఏళ్ళు నర్సుగా చేసి, ఇప్పుడు సేవాసంఘాన్ని నడిపే మనిషి ఆవిడ.

"సిస్టరమ్మా, రోగులకు పెట్టమని కదా ప్రభువు చెప్పింది. రోగుల గిన్నెలో తినమని ఏ ఆదివారం చెప్పారు? ఆ రోజు నేను చర్చికి రాలేదేమో!"

ఆవిడ చేతిలో మడత ఆగింది. "ఎన్నో మంచం?"

"తొమ్మిది. ఆ మంచం దగ్గర సేవకు ఎవరున్నారో వాళ్ళ పేరు కొట్టేయండి. ఇప్పుడే, నా కళ్ళముందే కొట్టేయండి."

"అసలు సంగతి అడిగావా నాయనా?"

"అడిగేదేముంది? కళ్ళారా చూశాను."

"తొందరపడకు. ఆ మనిషి ఎవరికీ పనికిరానని కుమిలిపోయిన రోజులు నేను చూశాను. ఈ పనిలో పడ్డాకే మళ్ళీ నవ్వుతోంది."

"నవ్వదూ మరి! ఉత్తపుణ్యాన కడుపు నిండుతుంటే నేనూ నవ్వుతాను. మీరు కొట్టేస్తారా, పాస్టరుగారి దగ్గరికి పొమ్మంటారా?"

సిస్టరమ్మ సొరుగులోంచి సేవాసంఘం పేర్ల పుస్తకం తీసి, పేజీ తిప్పి, కలంతో సహా అతని ముందుకు జరిపింది.

"నాకు చేతులు రావు. నువ్వే కొట్టెయ్యి."

మేస్త్రీ గిన్నె బల్లమీద పెట్టి, కలం అందుకుని వంగాడు. తొమ్మిదో మంచం వరస దొరికింది. 'సేవ పొందేవారు' అన్న గడిలో, ఇందాక తను తరిమేసిన మనిషి పేరుంది.

తప్పుగా చూశానేమోనని వేలుపెట్టి మళ్ళీ చదివాడు. ఆ పేరే. పక్కగడిలో సిస్టరమ్మ గుండ్రటి దస్తూరీ: "బిడ్డ పోయినప్పటినుంచి అన్నం మానేసింది. రోగికి సాయమన్న సాకుతో ఏప్రను కట్టించి పిలిపించుకుని, పక్కన కూర్చోబెట్టుకుని తనతోపాటు తినిపించాలి."

చివర, 'సేవ చేసేవారు' అన్న చోట, ఎడమచేత్తో వంకరటింకరగా పెట్టిన సంతకం అతని భార్యది.