మామూలు రకం

"మామూలే," అన్నాడు కృష్ణస్వామి శెట్టి.

మునిరామయ్య తన బెల్లం అచ్చును శెట్టి ముందుకు ఇంకొంచెం జరిపాడు. చిత్తూరు బెల్లం మండీలో ఆ మాట వినడం ఈ నెలలో ఇది రెండోసారి.

"ఇంకొంచెం నోట్లో ఏసుకొని సూడు శెట్టీ. పోయినసారి పాకం నా ఇంటామె కాసింది. ఈ తూరి కొప్పెర కాడ నేనే నిలబడినాను."

శెట్టి ఇంకో ముక్క గిల్లి నాలుక మీద పెట్టుకొని కళ్లు మూసుకున్నాడు. మునుపు చిటికెలో తేల్చేవాడు. వానాకాలంలో జ్వరం పడి లేచాక చాలాసేపు చప్పరిస్తున్నాడు.

"మామూలు రకమే రామయ్యా."

మండీలో బెల్లానికి మూడే మాటలు. మేలు, మామూలు, చెడు. వేలూరు వ్యాపారులు మూట విప్పి చూడరు, శెట్టి మాట విని కొంటారు. నలభై ఏళ్లలో ఆ నాలుక తప్పింది లేదు. మేలు అన్న బెల్లం రైతు పేరు మీద అమ్ముడుపోతుంది. మామూలు అన్నదానికి పేరుండదు, అందరిదాంతో కలిపి గుట్ట పోస్తారు. కార్వేటినగరం మునిరామయ్య గానుగ బెల్లమంటే వాళ్ల నాయన కాలం నుంచీ మేలే.

పక్కన మూటలు కట్టుకుంటున్న కుప్పమ్మ తలెత్తింది. "నాదీ మామూలే అన్నాడులే అన్నా. ఈ ఏడు చెరుకే అట్లుండాది. శెట్టి నాలుక అబద్ధమాడుతాదా?"

"నా చెరుకు బాగుండాది," అన్నాడు మునిరామయ్య.

చెరుకు బాగుంది గనకే పోయినసారి ఇంట్లో రచ్చయింది. "నీ చేతిలోనే చెడింది. పాకం చూసే కన్ను పోయింది నీకు" అని పెళ్లాం నాగరత్నమ్మను కూలీల ముందర అనేశాడు. "నా పాకం తప్పలేదు" అని ఒకే మాట అందామె. ఆ పొద్దు నుంచి కొప్పెర దగ్గరికి రాలేదు, మొగుడితో పలకలేదు. ఇప్పుడు తన చేతి బెల్లమూ మామూలే. ఏ ముఖం పెట్టుకొని ఇంటికి పోవాలి?

"తప్పు యాడ జరిగిందో అదన్నా చెప్పు శెట్టీ. పాకంలో సున్నం ఎక్కువైందా? అడుగంటిందా?"

శెట్టి వేళ్లు తుండుకు తుడుచుకున్నాడు. "తప్పుంటే చెడు అనేవాణ్ని కదప్పా. మేలని చెప్పి తేడా వస్తే నా మాట పోతాది. చెడు అంటే నువ్వు పోతావు. మామూలంటే ఎవురూ పోరు."

"నేను పోయినాను శెట్టీ! రేపటి నుంచి గానుగ ఆపేస్తా. ఉన్న చెరుకంతా ఫ్యాక్టరీకి తోలేస్తా."

శెట్టి అతని ముఖంలోకి చూడలేదు. బల్ల కింది నుంచి ఫ్లాస్కు తీశాడు.

"ముందు కాఫీ తాగబ్బా. కొత్త కోడలు పంపించింది. నాయుడుపేట పిల్ల. మా వంటింట్లో ఏ డబ్బా యాడుండాదో ఇంకా తెలీదు గానీ, కాఫీ మాత్రం టైముకు పంపిస్తాది."

రెండు గ్లాసుల్లో పోశాడు. తన గ్లాసెత్తి గుక్క గుక్కగా అడుగు దాకా తాగేశాడు. మునిరామయ్య మాత్రం గ్లాసు చేతిలో పట్టుకొని అట్లాగే కూర్చున్నాడు. నాయన పెట్టిన గానుగ కళ్ల ముందు తిరుగుతోంది.

"కోడలి కాఫీ అన్నా మేలేనా శెట్టీ?" ఉక్రోషం ఆపుకోలేక అడిగాడు.

శెట్టి మూతి తుడుచుకున్నాడు. కాసేపు ఆలోచించాడు.

"మామూలే."

ఈ మనిషి నోట ఇంకో మాట రాదా అనుకుంటూ మునిరామయ్య ఒక గుక్క తాగాడు.

కాఫీలో చక్కెరకు బదులు ఉప్పుంది.