పన్ను కట్టేవాళ్ళ వరస

పద్మసీలి పంపిన పళ్ళెం పంపినట్టే తిరిగొచ్చింది.

కొబ్బరిపాలన్నం ముక్క ఒక్కటి కదలలేదు. పక్కన పెట్టిన ఉల్లికారం మీద వేలిగీతైనా పడలేదు.

ఆ రోజు దీవి రాజధానిని ఆనుకున్న మహరగమలో, పద్మసీలి ఉండే సందంతా పండగే. కొత్త సర్కారు వస్తూనే కంపెనీల పన్ను తగ్గించి, జీతాల మీద పన్ను ఎత్తేసింది. పద్మసీలి మొగుడు నిహాల్‌ది కంపెనీ ఉద్యోగం. నెలనెలా జీతంలోంచి కోసుకునేది ఇకమీదట కోయరట. శుభం జరిగిన ఇంట పాలన్నం వండకపోతే ఎట్లా? వండి, అరిటాకు మీద అదిమి, ముక్కలు కోసి ఇంటింటికీ పంపింది. ఎదురింటి వెనక అద్దెగదిలో కొత్తగా దిగిన ముసలాయన అబేకోన్‌కీ పంపింది. ఎక్కడివాడో, ఏం చేసి బతికాడో ఎవరికీ తెలియదు. అయినా పంపింది.

ఆ ముసలాయన పళ్ళెం తనే తెచ్చి గుమ్మంలో పెట్టాడు.

"ఆ పన్నుతోనే ఆస్పత్రి గంజి కాగేది. ఇది అందులోంచి తోడి వండిన అన్నం తల్లీ. నాకు గొంతు దిగదు."

ఇరుగుపొరుగులో పళ్ళెం ఖాళీగా తిప్పి పంపడమే తప్పు. నిండు పళ్ళెం తిప్పి పంపడమంటే మొహాన ఉమ్మినట్టే. పద్మసీలి ఆ అన్నం కాకులకు విసిరేసి, పళ్ళేన్ని మూడుసార్లు తోమింది.

"పన్ను కట్టిన మొహమైతే కదా, తగ్గిన సుఖం తెలిసేది" అన్నాడు నిహాల్.

ఆ మాట సందంతా పాకింది. ఆ రోజు నుంచి ముసలాయన పేరు గంజి మహత్తయా, అంటే గంజి దొర. పిల్లలు వెనకనుంచి అలాగే పిలిచేవాళ్ళు, పెద్దలు విననట్టు ఊరుకునేవాళ్ళు. ఆయన వస్తుంటే పద్మసీలి గేటు ధడాలున వేసేది. మిగిలిన పన్నుతో నిహాల్ గోడంత టీవీ కొన్నాడు.

రెండేళ్ళు తిరిగేసరికి ఖజానా అడుగంటింది.

గ్యాసు లేదు, పెట్రోలు లేదు, కరెంటు పూటపూటా పోతుంది. గోడంత టీవీ గుడ్డికన్నులా వేలాడుతోంది. అవన్నీ ఓర్చుకోవచ్చు. పద్మసీలి ప్రాణమంతా కూతురు దినితి మీద ఉంది. ఆ పిల్లకు పసితనంలోనే చక్కెర జబ్బు పట్టుకుంది. రోజూ ఇన్సులిన్ సూది పడాలి, మానితే పిల్ల దక్కదు. జబ్బు పట్టిన నాటినుంచీ సర్కారు ఆస్పత్రిలో ఉచితంగా ఇచ్చిన మందు ఒకనాడు లేదన్నారు. అంగళ్ళలోనూ లేదు.

పద్మసీలి ఆస్పత్రి వరండాలో కూలబడితే, నర్సు పక్కకు పిలిచి కొంగుచాటున ఒక సీసా చేతిలో పెట్టింది.

"ఒక మహత్తయా బయటి దేశంనుంచి తెప్పించి ఇస్తున్నాడు. పేరు అడక్కమ్మా, చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు."

ఫ్రిజ్ పనిచేయదు కనుక ఆ సీసాను గుడ్డలో చుట్టి, వంటింట్లో నీళ్ళకుండ పక్కన తడి ఇసక పోసిన మట్టికుండలో దాచింది. అప్పటినుంచి నెలనెలా ఒకటి. సందెదీపం పెట్టినప్పుడల్లా, పేరు తెలియని ఆ మనిషికి ఈ పుణ్యం ముట్టాలని మొక్కేది. మొక్కి లేచి, ఎదురుగా అబేకోన్ కనబడితే మొహం తిప్పుకునేది.

ఆ తరవాత కిరసనాయిలు వరస వచ్చింది.

తెల్లారకముందే డబ్బాలు తెచ్చి వరసలో పెట్టి, మనుషులు నీడకు పోయి కూర్చోవడం అక్కడి అలవాటు. డబ్బా ఉంటే మనిషి ఉన్నట్టే. పద్మసీలి వెళ్ళేసరికి ముందున్నది అబేకోన్ నీలం డబ్బా. ఆయన మూసిన అంగడి అరుగు మీద గుండె పట్టుకుని కూర్చున్నాడు. ఆమె అటూఇటూ చూసి, ఆ డబ్బాను కాలితో వరస బయటకు తోసింది. చూసినవాళ్ళంతా నోళ్ళు మూసుకున్నారు.

ముసలాయన లేచి వచ్చాడు.

"వెనక్కి పో మహత్తయా" అంది పద్మసీలి. "ఇది పన్ను కట్టేవాళ్ళ వరస."

ఆయన వంగి డబ్బా తీసుకున్నాడు.

"సరేలే తల్లీ. పాప సూది వేళకు నువ్వు ఇల్లు చేరాలి."

మా ఇంటి గుట్టు కూడా కూపీ లాగాడు, గంజి ముసలాడు, అనుకుని పళ్ళు నూరింది. ఆమెకు కిరసనాయిలు దొరికింది. తోక చివర నిలబడిన ఆయన మిట్టమధ్యాహ్నం ఎండలో డబ్బా మీదికే ఒరిగిపోయాడు. మళ్ళీ లేవలేదు.

ఎవరు పోయినా సందు పొడుగునా తెల్లజెండాలు కట్టడం ఆచారం. ఆయనకు కట్టలేదు.

ఆ వారం పద్మసీలి ఆస్పత్రికి వెళ్తే నర్సు చేతులు ఖాళీగా ఉన్నాయి.

"ఇక రాదమ్మా మందు. ఇచ్చే మహత్తయాయే పోయాడు. మీ సందులోనేగా ఉండేవాడు, అబేకోన్ మహత్తయా."

ఓడలకు తేయాకు ఎక్కించే కంపెనీ ఆయనదని, భార్య పోయాక ఆ పెద్దింట్లో ఉండలేక అద్దెగదికి వచ్చాడని నర్సే చెప్పింది.

"పన్ను తగ్గించిన ఏడే మొదటిసారి వచ్చాడు. 'నాకు కొండంత వదిలేశారు మిస్సీ, అది నాది కాదు, ఇక్కడ కట్టించుకోండి' అన్నాడు. మందు కరువొచ్చాక ఆ డబ్బుతోనే తెప్పించాడు, మొదటి సీసా మీ దినితికే తీసిపెట్టమనేవాడు. 'ఆ ఇంటి పళ్ళెం ఒకసారి వద్దన్నాను, ఆ బాకీ తీరాలి' అనేవాడు."

పద్మసీలి ఇల్లు చేరి, వంటింట్లో కూర్చుని, కుండలో చెయ్యిపెట్టి తడిగుడ్డ విప్పింది.

సీసా అడుగున కాస్త మందు మిగిలి ఉంది. ఆ కిరసనాయిలు వరసలో పన్ను మానకుండా కట్టిన ఒకే ఒక్క మనిషి కట్టిన ఆఖరి పన్ను అది.