గీతకు ఇవతలి డిష్

"వచ్చిందా?" డాబా మీద నుంచి వీరరాఘవయ్య అరిచాడు.

"రాలా," కింద గుమ్మంలో నిలబడి భార్య సౌభాగ్యమ్మ చెప్పింది.

ఆయన డిష్‌ను వేలెడు తూర్పుకి జరిపాడు.

"ఇప్పుడు?"

"ఏం లేదు. ఆ... ఆగండాగండి. వచ్చింది. అయ్యో, పోయింది."

"నేను ముట్టుకోకుండానే ఎట్టా పోయిందే?"

"నన్నడిగితే నాకేం తెలుసు? దాన్నే అడగండి."

టైము నాలుగూ ఇరవై. నాలుగున్నరకు కాలేజీ పిల్లల క్విజ్ పోటీ. నందిగామలో డిగ్రీ చదువుతున్న వాళ్ళమ్మాయి యశస్విని అందులో కనబడబోతోంది. గెలిచావా ఓడావా అని ఎంత అడిగినా ఆ పిల్ల చెప్పలేదు, టీవీలో చూసి తెలుసుకోమంది. వీరరాఘవయ్య ఊరుకోలేక చిల్లకల్లులో సగం మందికి చెప్పాడు. చెప్పిన పాపానికి పదిహేను మంది వచ్చి హాల్లో చాపల మీద కూర్చున్నారు. ఇచ్చిన టీ తాగుతూ, గళ్ళుగళ్ళుగా విడిపోతున్న బొమ్మను ఓపిగ్గా చూస్తున్నారు. ఫోన్లో చూద్దామని ఎవరో అంటే ఆయనకి ఒళ్ళు మండింది.

"పిల్ల టీవీలో వస్తుంటే అరచేతిలో చూడటమేందయ్యా?"

నాలుగు రోజులుగా ఇదే గోల. బాక్సు ఆపి మళ్ళీ వేశాడు. కార్డు తీసి పంచెతో తుడిచి పెట్టాడు. కస్టమర్ కేర్ వాళ్ళు ఒకటి నొక్కమన్నారు, రెండు నొక్కమన్నారు, చివరికి పాట వినిపించి పెట్టేశారు. జగ్గయ్యపేట మెకానిక్కయితే మూడు రోజుల నించీ "వచ్చేస్తున్నానండి, దారిలోనే ఉన్నా" అంటున్నాడు. జగ్గయ్యపేట నుంచి నడిచొచ్చినా ఈపాటికి నాలుగుసార్లు రావచ్చు.

అంతకుముందు టీవీ లక్షణంగా ఉండేది. వానకి కప్పు కారుతోందని పోయిన వారం డాబా అంతా సిమెంటు పూత వేయించారు. ఇల్లు అన్నదమ్ములు పంచుకున్నా కప్పు ఒకటే కనుక పూత మాత్రం ఉమ్మడిగా వేయించక తప్పలేదు. పనివాళ్ళు ఇద్దరి డిష్‌లూ ఊడదీశారు. పూత ఆరాక మొదట చేసిన పని డాబా మధ్యన మళ్ళీ పచ్చ గీత గీయడం. ఆ తర్వాతే గీతకు ఇటొకటి, అటొకటి డిష్‌లు బిగించి, మెట్ల గది పక్కన ఒకే కన్నంలోంచి వస్తున్న రెండు నల్ల వైర్లనూ వాటికి తగిలించి వెళ్ళారు.

గీతకు అవతల, తమ్ముడు తిరుపతిరావు కూడా సరిగ్గా ఇప్పుడే పానా పట్టుకుని తన డిష్ ముందు కూర్చున్నాడు. మెట్ల కింద గది ఎవరిదన్న దగ్గర తెగి, అన్నదమ్ములకి మూడేళ్ళుగా మాటల్లేవు. ఏదైనా అనాలంటే ఎవరికి వారు కింద ఉన్న పెళ్ళాలతో అంటారు, పక్కవాడికి వినబడేట్టు.

"చూశావటే సౌభాగ్యం," అన్నాడు వీరరాఘవయ్య గొంతు పెంచి. "మనింట్లో నలుగురు చేరారో లేదో, కొంతమందికి అప్పుడే పని గుర్తొస్తది. ఎద్దు పుండు కాకికి ముద్దా."

"ఇదిగో," అన్నాడు తిరుపతిరావు తన వైపు కిందికి చూస్తూ. "మన టీవీ మనం బాగుచేసుకోడానికి కూడా ఎవరినన్నా అడగాలేమోనే."

వీరరాఘవయ్య పళ్ళు నూరుకుని డిష్‌ను పడమరకి తిప్పాడు.

"వచ్చిందా?"

"సగం మొహం వచ్చింది. పిల్లది కాదులెండి, ఏదో సబ్బు ప్రకటన."

ఇంకాస్త తిప్పాడు.

"ఇప్పుడు?"

"అదీ పోయింది. ఏవండీ, మొదలయ్యేట్టుందట. సౌండు వస్తోంది, బొమ్మ లేదు. మీకు చేతకాకపోతే దిగి రండి, వచ్చినవాళ్ళలో ఎవరన్నా పైకొచ్చి తిప్పి చూస్తారు."

చేతకాకపోవడమన్న మాట ఆయనకి గుచ్చుకుంది. పదిహేను మంది ముందు అంది మరి. చెమట కళ్ళలోకి కారుతుంటే డిష్‌ను రెండు చేతులా పట్టుకుని పైకి ఎత్తాడు, కిందికి వంచాడు, మళ్ళీ కాస్త పైకెత్తాడు.

సరిగ్గా అప్పుడు పక్కవాటాలోంచి మరదలి కేక వినబడింది.

"వచ్చిందండీ. బ్రహ్మాండంగా ఉంది. ఇంక వదిలేసి వచ్చెయ్యండి."

తిరుపతిరావు పానా పక్కన పడేసి, డిష్ ముందు నుంచి లేచి, అన్న వంక చూడకుండా మెట్లవైపు పరిగెత్తాడు.

వీరరాఘవయ్యకి ఏడుపొచ్చినంత పనైంది. ఇప్పుడు కూర్చున్నవాడికి ఐదు నిమిషాల్లో వచ్చింది. కన్న కూతుర్ని చూసుకుందామని నాలుగు రోజుల నించీ చస్తున్నవాడికి రాలేదు. ఆ కోపమంతా డిష్ మీద చూపించి ఒక్క గుంజు గుంజాడు. అసలే వదులు చేసిన నట్లేమో, అది స్తంభం నుంచి ఊడి ఆయన ఒళ్ళో వచ్చి పడింది. వైరు తెగింది.

అయిపోయింది. కింద ఉన్న పదిహేను మందికీ ఏం చెప్పాలా అని ఆలోచిస్తూ డిష్‌ను పట్టుకుని అలాగే చతికిలబడ్డాడు.

"ఏవండీ," కింద నుంచి సౌభాగ్యమ్మ గొంతు. "వచ్చింది. అద్దంలా ఉంది. అదుగో అమ్మాయి, నవ్వుతోంది. మీకు దణ్ణం పెడతా, ఇంక దాన్ని కదపమాకండి."

వీరరాఘవయ్య ఒళ్ళో ఉన్న డిష్‌ను చూశాడు. తెగిన వైరు ముక్కను చూశాడు. తర్వాత, గీతకు అవతల ఒంటరిగా నిలబడి ఉన్న రెండో డిష్‌ను చూశాడు.

పక్కవాటాలోంచి మరదలు అంటోంది:

"ఏవండీ, మొత్తం పోయింది. ఇప్పుడే మన యశస్విని కనపడిందండీ, మీరు చూడకుండానే పోయింది."