హెల్మెట్‌లో ఆవిడ

మాట్లాడే హెల్మెట్లను టౌన్ పోలీసులు పంచిన ఏడాదికల్లా, అవి లేకుండా ఊళ్లో బండి తీసేవాళ్లే కరువయ్యారు. పాల బూత్ నడిపే పున్నారావు హెల్మెట్‌లో ఒక ఆడగొంతు ఉంది. “మలుపు వస్తోంది, నెమ్మదిగా వెళ్లండి,” అని అది చెప్తే, అతను “అట్లాగేనమ్మా,” అనేవాడు.

బండి వెనక కూర్చున్న భార్య భ్రమరాంబకు ఆ మాట వింటే ఒళ్లు మండేది. పద్దెనిమిదేళ్లుగా తను మొత్తుకుంటున్నా అతను ఏనాడూ వేగం తగ్గించలేదు.

ఒకరోజు ఆమె స్టేషన్‌కు వెళ్లి కానిస్టేబుల్ సుగుణను అడిగింది. “ఆ గొంతు తీసేసి నాది పెట్టండమ్మా. నేనుండగా మా ఆయనకు ఇంకొకావిడ చెప్పడమేంది?”

సుగుణ నవ్వుతూనే ఆమె గొంతు రికార్డు చేసి హెల్మెట్‌లో ఎక్కించింది.

వారం తిరక్కుండానే పున్నారావు రైల్వే గేటు మలుపులో జారిపడి భుజం విరగ్గొట్టుకున్నాడు.

“నా గొంతు నెమ్మదిగా పొమ్మని చెప్పిందిగా, వినపళ్లేదా?” అని భ్రమరాంబ ఆసుపత్రిలో ఏడ్చింది.

“వినపడింది. ఇంట్లో రోజూ అనేదేగా అని పట్టించుకోలా,” అన్నాడతను తల దించుకుని.

కట్టు విప్పిన రోజే ఆమె హెల్మెట్ తీసుకుని మళ్లీ స్టేషన్‌కు వెళ్లింది. “ఆవిడనే పెట్టేయండమ్మా. ఆమె చెప్తే వింటాడు, క్షేమంగా ఇంటికొస్తాడు,” అంది. అలా అంటున్నప్పుడూ కడుపు మంట చల్లారలేదు. సుగుణ చెయ్యి చాపినా హెల్మెట్ వదల్లేదు.

“కాకపోతే ఒకటి. భోంచేశారా అని మాత్రం ఆవిడ అడగకూడదు. అది నేనే అడుగుతాను.”